పీట వేయని పట్టణములు

మన పట్టణములలో పెద్దలు కూడిన చోటనెల్ల నేడొకే మాట వినవచ్చుచున్నది. “ఈ కాలపు కుర్రవాండ్రకు పుట్టిన యూరిపై మమకారము లేదు. చదువు ముగియుటే తడవుగా హైదరాబాదనియు, బెంగుళూరనియు, అమెరికా యనియు పరుగిడుచున్నారు. ఊరు ముసలివారి పాలైనది” అని బారు అసోసియేషనులో అందురు, కోవెల యరుగుపై అందురు, పఠనమందిరమున పత్రిక మడిచి ప్రక్కనుంచి అందురు. ఈ యభియోగమును మేమంగీకరింపజాలము. యువకులు ఊరిని విడిచిరనుట సగము సత్యము. ఊరే ముందుగా వారిని విడిచినదనుట తక్కిన సగము. ఆ రెండవ సగమును నేడు పాఠకమహాశయుల యెదుట విచారణకు పెట్టుచున్నాము. బోనులో నిలువవలసిన ముద్దాయి యెవ్వరో తీర్పు వారే చెప్పుదురు గాక.

వలసపోవుట నేరమని మేమనుట లేదు. మన తాతలు బియ్యపు మిల్లులలోను ఓడరేవులలోను పనికొరకు రంగూనుకు పోయిరి. వారి మనుమలు సాఫ్టువేరు పనికొరకు సియాటిలుకు పోవుచున్నారు. విద్యకొరకును విజ్ఞానముకొరకును దేశదేశములు తిరుగువాడు తన యింటికే గాక తన జాతికిని వన్నె తెచ్చును. కాని పోవుటకు మాత్రమే త్రోవయుండి వచ్చుటకు త్రోవ లేని యూరిని ఏమనవలెను? ఉండదలచినవానికి పని, తిరిగి వచ్చినవానికి చోటు, పొరుగూరినుండి వచ్చినవానికి ఆదరము—ఈ మూడును గల పట్టణమునుండి నూరుగురు వెడలిపోయినను భయము లేదు. ఈ మూడును లేని పట్టణమున పదిమంది మిగిలినను వారు గత్యంతరము లేక మిగిలినవారే.

ఇది యభిమానమునకు సంబంధించిన సంగతి మాత్రమే యైనచో ఇంతగా వ్రాయము. ఇది ప్రాణములకు సంబంధించినది. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చిన మనిషిని కారులో పరుండబెట్టుకొని విజయవాడకో కాకినాడకో వరంగల్లుకో పరుగెత్తవలసి వచ్చుచున్నది. మురుగుకాలువ యే మట్టమున పారవలెనో లెక్కకట్టగల ఇంజనీరు ఊరిలో పుట్టియు ఊరిలో లేడు; కంట్రాక్టరు చెప్పినదే మట్టము, పోసినదే కాంక్రీటు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీధులను ముంచినది. వాగు దారి నెవ్వరాక్రమించిరి, గట్ల నేల బలపరుపలేదు అని వరద వచ్చిన పిమ్మట అందరు నడిగిరి. ఈ ప్రశ్నలను వరదకు ముందే, ఏటేట, పురపాలక సభలో లేచి అడుగదగిన చదువును ఓపికయు గలవారు ప్రతి పట్టణమునకును కావలెను. వారిని ఊరు దాటించి, కష్టము వచ్చినప్పుడు కలెక్టరుకు మహజరులు వ్రాసికొనుట మన పట్టణముల కలవాటైనది.

ఎల్లప్పుడును ఇట్లే యుండెనా? ఉండలేదనుటకు బందరే సాక్షి. 1902లో ఆ యూర కృష్ణాపత్రిక వెలసినది. 1907లో ముట్నూరి కృష్ణారావు గారు దానికి సంపాదకులగునప్పటికి వారికి ముప్పదేండ్లు నిండలేదు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపింపబడినది. ఎం.ఎ., బి.యల్. చదివిన కోపల్లె హనుమంతరావు గారు వకీలు వృత్తిని విడిచి ఆ కళాశాలకే తమ జీవితమును ధారవోసి 1922లో అస్తమించిరి. వారి ప్రక్క నిలిచిన డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్య గారు బందరున పుట్టినవారు కారు. గుండుగొలనులో పుట్టి, మదరాసున వైద్యము చదివి, బందరు వచ్చి వైద్యవృత్తిలో స్థిరపడినవారు. 1923 నవంబరు 28న ఆ వైద్యుడే ముఖ్యుడై నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు ఆ యూరనే వ్యాపార మారంభించినది. వంగదేశమునుండి ప్రమోదకుమార చటర్జీ గారు వచ్చి జాతీయ కళాశాలలో చిత్రకళ నేర్పిరి. అడివి బాపిరాజు గారు వారి శిష్యులు.

ఇందు మనము గమనింపవలసినదేమి? మదరాసు వీరిని పిలువకపోయెనా? ఎం.ఎ., బి.యల్. చదివినవానికి ఆ మహానగరమున అన్నము దొరకకపోయెనా? బందరు వీరికి పెద్ద జీతము లిచ్చి నిలుపుకొనలేదు. ఇచ్చుటకు బందరు దగ్గర ధనము లేదు. పని నప్పగించి నిలుపుకొన్నది. ముప్పదేండ్ల ప్రాయమువారు కళాశాల పెట్టెదమని బయలుదేరగా “మీకేమి తెలియును, పెద్దల నడిగి రండు” అని త్రిప్పి పంపక చందాలిచ్చినది. తన పత్రికను, తన విద్యను, తన ధనమును వారి చేతిలో పెట్టినది. ఊరివారు చేరవచ్చిరి, పొరుగూరివారు చేరవచ్చిరి, వంగదేశీయులును చేరవచ్చిరి.

బందరొక్కటియే కాదు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించునప్పటికి కందుకూరి వీరేశలింగము గారికి 33 ఏండ్లు. ఊరి పెద్దలలో పలువురు వారిపై కత్తి కట్టిరి. విద్యార్థులు వారి ప్రక్క నిలిచిరి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడినప్పుడు దానికై కాలికి బలపము కట్టుకొని తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్య గారికి సుమారు 24 ఏండ్లు. నేడు ఏ పట్టణమున 24 ఏండ్ల వానిని నమ్మి గ్రంథాలయపు తాళపుచెవి యైన నిత్తుము?

ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో విలీనమై తన పేరును కోల్పోయినది. పేరు పోయినందుకు మన పట్టణములు వగచినవి, సభలు చేసినవి. మంచిదే. కాని అట్టి బ్యాంకును కన్న సాహసము పట్టణములనుండి అంతకు ఎన్నడో వెడలిపోయినదని ఎవ్వరు వగచిరి? దానికి సంతాపసభ ఏ యూర జరిగినది?

నేటి పట్టణమును చూడుడు. 28 ఏండ్ల వైద్యుడో, ఇంజనీరో, ఆడిటరో, న్యాయవాదియో ఊరి పనిలో పాలుగొనవలెనని కోరినచో ఎచ్చటికి పోవలెను? క్లబ్బు కార్యవర్గమున్నది, దేవాలయ ధర్మకర్తలున్నారు, పాఠశాల యాజమాన్యమున్నది, సహకార బ్యాంకున్నది, వర్తక సంఘమున్నది, కళాసమితి యున్నది. పదింటను అవే పది పేర్లు. అధ్యక్షుల వారి పదవీకాలము వారి యాయుర్దాయముతో ముగియుచున్నది. అప్పుడును కుర్చీ వారి తమ్మునకో అల్లునకో సంక్రమించుచున్నది. యువకునకు మిగిలిన పని యేమి? కుర్చీలు వేయుట, మైకు సరిచూచుట, పూలదండల తట్ట పట్టుకొని వేదిక ప్రక్క నిలుచుట, సభ ముగిసినపిమ్మట ఫొటోలు వాట్సాపులో పంచుట. నోరు తెరచి లెక్కలడిగినచో “నిన్నగాక మొన్న వచ్చినవాడు” అని పేరు. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న సామెత మన పట్టణములకొరకే పుట్టినది. ఆ చెట్టునే పెకలించుకొనిపోయి బెంగుళూరులో నాటినచో దాని యాకు మహౌషధమగుచున్నది. అప్పుడు మనమే రైలెక్కిపోయి సన్మానపత్రము చదివి వత్తుము.

గ్రంథాలయముల సంగతి మన పాఠకులు ప్రత్యక్షముగా నెరుగుదురు. తెల్లవారకముందే యువతీయువకులు వచ్చి కుర్చీల నాక్రమించుకొందురు. చూచి సంతోషింతుము. వారి చేతిలోనున్నది పోటీపరీక్షల పుస్తకము. వారిలో అనేకులకు ఆ గది రైల్వే ప్లాట్‌ఫారమువంటిది; ఊరు విడుచుటకు టిక్కెట్టు సంపాదించుటకు వచ్చినవారు. వారిని నిందింపము. ఒక్కటి యడిగెదము: ఏండ్ల తరబడి దినము పదిగంటలు మన కన్నులయెదుట కూర్చున్న చదువరులతో ఊరి పెద్దలెన్నడైన ఊరి సంగతి మాటలాడిరా? రాజ్యాంగమును కంఠస్థము చేసిన ఆ బిడ్డను పిలిచి “మన పురపాలక సంఘపు బడ్జెటు చూచి లోపములు చెప్పుము” అని యెవ్వరైన నడిగిరా?

రాజ్యాంగము మాట వచ్చినది గనుక న్యాయవాదులముగా కొంత చెప్పవలసియున్నది. 1992లో చేయబడి 1993 జూను 1న అమలునకు వచ్చిన 74వ సవరణ పట్టణ స్వపరిపాలనకు పునాది. శాసనసభకు పోటీచేయుటకు 25 ఏండ్లు కావలెను. పురపాలక సంఘమునకు 21 ఏండ్లు చాలునని ఆ సవరణ చెప్పినది. దేశపు మహాశాసనమే ఊరి యువకునకు పీట వేసినదన్నమాట. ఆ పీటను లాగివేసినవారెవ్వరు? పురపాలక సంఘపు కాలము అయిదేండ్లు. అది ముగియకముందే ఎన్నికలు జరుగవలెనని అదే సవరణ శాసించినది. ఆంధ్రప్రదేశమున 2005లో ఎన్నికైన సంఘముల కాలము 2010లో ముగియగా మరల ఎన్నికలు 2014లో గాని జరుగలేదు. 2014 సంఘముల కాలము 2019లో ముగియగా ఎన్నికలు 2021లో గాని జరుగలేదు. నడుమ ఊళ్లనేలినవారు ప్రత్యేకాధికారులు. 21 ఏట కౌన్సిలరు కాదలచిన యువకుడు నాలుగేండ్లు ఎన్నికలకొరకు వేచియుండునా? వాడికి కడుపులేదా, కాలములేదా? హైదరాబాదు బస్సెక్కును.

మూడు లక్షలకు తక్కువకాని జనసంఖ్య గల పట్టణములలో వార్డు కమిటీలు విధిగా నుండవలెనని సవరణలోనున్నది. అంతకు తక్కువ జనమున్న చోట పెట్టరాదని ఎచ్చటను లేదు. పురపాలక పాలనలో ప్రత్యేక జ్ఞానమో అనుభవమో గలవారిని, ఓటుహక్కు లేకుండ, సభలో చేర్చుకొనవచ్చుననియు రాజ్యాంగమందే యున్నది. నీటిశాస్త్ర మెరిగిన ఇంజనీరుకు, ప్రజారోగ్య మెరిగిన వైద్యురాలికి, లెక్క లెరిగిన ఆడిటరుకు ఎంత చక్కని ద్వారము! ఆ స్థానములు టిక్కెట్టు దొరకని అనుచరులను ఊరడించుటకు వినియోగపడుట చూచుచున్నాము. శాసనమిచ్చిన వరమును చేజేతుల పారవైచుకొని “యువకులు ముందుకు రారు” అని విలపించుట మనకే చెల్లినది.

“ఇదంతయు ఉపన్యాసము. వారు పోవునది జీతముకొరకు. నీవిచ్చు కుర్చీ వాని కడుపు నింపునా?” అని పెద్దలు మమ్మడుగుదురు. సరియైన ప్రశ్న. కడుపు నిండనివానికి స్వరాజ్యము చెప్పుట అధర్మము. అందుచేతనే ముందుగా మా యింటినే శోధించుకొందము. న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొన్న యువకుడు జిల్లా కోర్టున సీనియరు గదిలో చేరును. ఫైళ్లు మోయును, వాయిదాలు తెచ్చును, టైపు చేయించును. నెలాఖరున సీనియరు గారి చిరునవ్వే జీతము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో, మొదటి మూడేండ్లు యువ న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయలిచ్చు పథకమును పెట్టవలసి వచ్చినది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు పట్టణములలో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతములలో 15,000 రూపాయలకు తక్కువ కాకుండ ఇయ్యవలసినదిగా సిఫారసు చేసినది. సిఫారసుకు కాళ్లు లేవు. అది మన సీనియర్ల గడపదాక నడచి రాదు. ధర్మపన్నములు చెప్పు వృత్తియే తన బిడ్డకు కూలి యెగవేయుచున్నప్పుడు, ఊరు విడిచిపోవుచున్నాడని వానిని తప్పుపట్టు నాలుక మన కెక్కడిది?

అయినను జీతమే సర్వస్వమనుటను మేమొప్పుకొనము. 2020 మార్చి 24న దేశమంతట లాక్‌డౌను ప్రకటింపబడిన పిమ్మట వేలకొలది సాఫ్టువేరు ఉద్యోగులు తల్లిదండ్రుల యిండ్లకు తిరిగి వచ్చిరి. నెలల తరబడి, కొందరు రెండేండ్లవరకు, నరసరావుపేటలోను అమలాపురములోను కరీంనగరములోను కూర్చుండియే తమ సంస్థల పని చేసిరి. జీతము నగరపుది, వంట తల్లిది, అద్దె లేదు. ఇంతకంటె గొప్ప యవకాశము మన పట్టణముల చరిత్రలో మరల వచ్చునో రాదో. కోరి తెచ్చుకొనినను దొరకని చదువరులు మన వీధులలోనే యుండిరి. అప్పుడు పట్టణము వారికై చేసినదేమి? కరెంటు పోని గది యొకటి చూపలేదు. నెమ్మదిగా కూర్చుండి పనిచేసికొనుటకు పురపాలక సంఘపు ఖాళీ భవనమొకటి తెరువలేదు. సంస్థలు వెనుకకు పిలిచిన దినమున బస్సుస్టాండు వరకు సాగనంపి వచ్చితిమి.

ప్రభుత్వములకును ఇందు పాలున్నది. 1998 నవంబరులో హైదరాబాదున సైబర్ టవర్సు ప్రారంభమైన నాటనుండి చదువుకొన్నవాని కన్నులన్నియు ఒక్క దిక్కునకే మరలినవి. 2014 జూను 2న రాష్ట్రము రెండైనప్పుడు, సమస్తమును ఒక్కచోట ప్రోవుపెట్టినందువలన కలుగు దుఃఖమెట్టిదో కోస్తా, రాయలసీమ పట్టణములు తెలిసికొన్నవి. ఆ యేటి ఆగస్టులో శివరామకృష్ణన్ కమిటీ అన్నిటిని ఒక్కచోటనే కుప్పవేయవద్దని నివేదించినది. ఆ హితవు ఏ ఒక్క పక్షమునకో కాదు, రెండు రాష్ట్రములందును అధికారము చేపట్టు ప్రతివారికిని వర్తించును. తెలంగాణమున వరంగల్లుకు 1959లోనే ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయు కాకతీయ వైద్య కళాశాలయు వచ్చినవి. పేరుగల సాఫ్టువేరు సంస్థలు రెండు—టెక్ మహీంద్రా, సైయెంటు—అక్కడ కార్యాలయములు తెరచుటకు 2020 జనవరి రావలసి వచ్చినది. అరువదేండ్లు ఇంజనీర్లను పెంచి నగరములకు పంపిన యూరికి ఆరు దశాబ్దుల పిమ్మట దక్కిన భాగమది! అసాధ్యమను మాటయు చెల్లదు. తమిళదేశమున తెన్కాశి ప్రాంతమున, పొలముల నడుమ, జోహో సంస్థ 2011 నుండి కార్యాలయము నడుపుచు ఆ చుట్టుపట్ల బిడ్డలకు పని చూపుచున్నది. తెన్కాశికి సాధ్యమైనది తెనాలికి అసాధ్యమా?

ఊరి బిడ్డలను నిలుపుకొనుట యొక యెత్తు. పరాయి యూరి బిడ్డను రప్పించుకొనుట మరియొక యెత్తు. ప్రభుత్వాసుపత్రికి క్రొత్త వైద్యుడు బదిలీయై వచ్చినాడనుకొందము. అద్దెయిల్లు వెదుకును. గేటుమీద “బ్యాచిలర్లకు ఇయ్యబడదు” అను పలక ఎదురగును. పలక లేనిచోట మొదట ఊరు, తరువాత యింటిపేరు, పిమ్మట కులము, అటుపైని భోజనపు సంగతి అడుగుదురు. అన్నింటను నెగ్గినచో ఇల్లు దొరకును. ఇక ఆసుపత్రిలో రోగి మరణించిన రాత్రి బంధువులు అద్దములు పగులగొట్టి వాని గల్లా పట్టుకొందురు. వైద్యులపై దౌర్జన్యమును నివారించుటకు 2008లోనే ప్రత్యేక శాసనము చేయవలసి వచ్చినదన్నచో మన యాతిథ్యము ఎట్టిదో బోధపడును. అట్టి వైద్యుడు ఆరు నెలలలో బదిలీ కొరకు అర్జీ పెట్టుకొన్నచో ఆశ్చర్యమేమి?

యువతుల మాట చెప్పనక్కరలేదు. నేడు వైద్య కళాశాలలలోను న్యాయ కళాశాలలలోను వారెందరో చదువుచున్నారు. వారికి పట్టణమున భద్రమైన వసతిగృహమున్నదా? కోర్టు ఆవరణలో శుభ్రమైన మరుగుదొడ్డి యున్నదా? రాత్రి తొమ్మిదిగంటలకు ఆసుపత్రినుండి నడచి వచ్చుటకు వీధిదీపము వెలుగుచున్నదా? సభలలో జ్యోతి వెలిగించుటకు పిలుతుము. కార్యవర్గమున పేరు వ్రాయుటకు సంకోచింతుము. సగము మేధస్సును గుమ్మము బయట నిలిపి ఊరు బాగుపడలేదని యేడ్చుట యే శాస్త్రము?

దేశాంతరములను చూడుడు. జపానుదేశమున పల్లెలును చిన్న పట్టణములును వట్టిపోవుచుండగా 2009 నుండి ప్రభుత్వమే నగరవాసులను గరిష్ఠముగా మూడేండ్లవరకు వేతనమిచ్చి అచ్చటికి పంపి, ఆ యూళ్ల యభివృద్ధి పనిలో నియోగించుచున్నది. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రపు టల్సా పట్టణము, ఇంటినుండి పనిచేయు ఉద్యోగులు వచ్చి స్థిరపడినచో 10,000 డాలర్లిచ్చు ఏర్పాటును 2018లో ఆరంభించినది. ఆ ధనము ఒక ధర్మనిధిది. ఐశ్వర్యవంతులైన ఆ దేశముల పట్టణములే మనుష్యులకొరకు ఇంత తహతహలాడుచుండగా, మనము చేతనున్నవారిని కాళ్లదన్నుకొనుచున్నాము. అమెరికా వాకిలియు నేడు వెనుకటివలె తెరచియుండలేదు. 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి దరఖాస్తులకు 1,00,000 డాలర్ల రుసుము విధించుచు ఉత్తరువు వెలువరించెను. ఆ యనుమతులు పొందువారిలో భారతీయులే అత్యధికులు; వారిలో తెలుగువారెందరో ప్రతి యింటివారికి తెలియును. ఆ వాకిలి ఇరుకైనకొలది బిడ్డలు కొందరు ఇటు చూతురు. ఇటు చూచినప్పుడు వారి కేమి కనబడవలెను? విరాళముల పుస్తకము పట్టుకొని నిలిచిన మనమా? స్వాగత తోరణమునకును కాంస్య విగ్రహమునకును వారి డాలర్లు కావలెను గాని వారి బుద్ధి మనకక్కరలేదా?

కర్తవ్యమును మేము మూడు మాటలలో చెప్పెదము. మొదటిది, ప్రతి సంఘమును ఈ సంవత్సరమే తన నిబంధనలను సవరించుకొని కార్యవర్గమున మూడవవంతు స్థానములను 35 ఏండ్ల లోపువారికి విడిచిపెట్టవలెను, అందు యువతులుండవలెను, అధ్యక్షపదవిని ఎవ్వరును రెండుమారులకు మించి చేపట్టరాదు. కోశాధికారి పదవి యువకునకే యియ్యవలెను. లెక్కల పుస్తకము చేతికిచ్చినప్పుడే నమ్మకమిచ్చినట్లు.

రెండవది, పురపాలక సంఘము చిన్నదైనను వార్డుకొక పౌరసభ పెట్టి, బడ్జెటును, మురుగుకాలువల పటమును, టెండర్ల పట్టికను గ్రంథాలయపు గోడపై అంటింపవలెను. ఆస్తిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్నును పౌరుడు చెల్లించుచునే యున్నాడు. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థకు బకాయిలేక చేరినచో, ప్రతి పట్టణ గ్రంథాలయమునను కరెంటును ఇంటర్నెట్టును తెగిపోని పనిగది యొకటి, చర్చాగోష్ఠికి మరియొకటి తెరువవచ్చును. మూడవది బ్రతుకుతెరువు. బారు అసోసియేషను తన జూనియర్లకు భృతినిధి నేర్పరుపవలెను. వర్తక సంఘము ఊరి లెక్కలను, ఊరి కట్టడములను సాధ్యమైనంతవరకు ఊరి యువ వృత్తినిపుణులకే అప్పగింపవలెను. ఆసుపత్రి ప్రక్క వైద్యులకు, ఉద్యోగినులకు వసతిగృహములను పట్టణమే చందాలు వేసికొని కట్టవలెను. బందరు కళాశాలను చందాలతో నిలిపిన జాతికి పది గదుల వసతిగృహము భారమా?

యువకులతోను ఒక్కమాట. మీ పెద్దలను ఇంతగా నిలదీసిన మేము మిమ్ములను విడిచిపెట్టము. సంక్రాంతికి మూడు దినములు వచ్చి, ఊరి రోడ్లను వెక్కిరించి, బొమ్మలు తీసికొని పోవుటతో ఋణము తీరదు. ఓటు ఊరనుంచుకొని ఎన్నికలనాడు రాకుండుట ఊరికి ద్రోహము. పీట వేయలేదని అలిగి వాకిటనే నిలుచుటకు మీరు పెండ్లికొడుకులు కారు. అడగనిదే అమ్మయినను పెట్టదు. 21 ఏండ్లు నిండినవారు నామినేషను వేయుడు. ఊర లేనివారు నెలకు రెండు దినములైన ఊరి లెక్కలో, ఊరి నీటిలో, ఊరి బడిలో మీ విద్యను వినియోగింపుడు. సర్వసభ్య సమావేశమునకు పోయి చందా కట్టి, సభ్యత్వపు రశీదు చేతబట్టుకొని లెక్కలడుగుడు. వీరేశలింగము గారికిని ఎవ్వరును పీట వేయలేదని మరువకుడు.

పెద్దలకు లోలోపల నొక భయమున్నది. మాకును ప్రాయము నలుబది దాటినది గనుక ఆ భయము మాకు తెలియును. క్రొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకొనిపోవునని వారి బెంగ. కాలువ త్రవ్విన ప్రాంతమున పుట్టినవారికి వేరే చెప్పనేల? తూము తెరువనిచో పాతనీరు నిలిచి పాచిపట్టును, పొలము ఎండును. తూము తాళము నేడు పెద్దల మొలలోనున్నది. ఉగాదికి ముందో వెనుకో మన సంఘములన్నిటికిని సర్వసభ్య సమావేశములు జరుగును. ఈ పంక్తులు పఠనమందిరమున చదువుచున్న అధ్యక్షులవారెవ్వరైనను ఆ దినమున లేచి, “ఇరువదేండ్లు కూర్చుంటిని, చాలును, ఈ కుర్చీలో ఈ బిడ్డ కూర్చుండును, ప్రక్కనుండి నేను సాయము చేసెదను” అని పలికినచో వారి పటమును మా పత్రిక మొదటి పుటలో అచ్చువేయుటకు సిద్ధముగా నున్నాము. ఎందరి పటములు అచ్చుపడునో చూతము.